అరుగు మీద చోటు మార్చిన పడిశం

నాకు పడిశం పట్టిందంటే మా ఇంట్లో ఎవరూ కంగారు పడరు. అది ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చి వారం ఉండి పోతుంది. పైగా దాన్ని నేనెప్పుడూ "కొంచెం" అనే చెబుతాను. జ్వరం నూట రెండున్నా కొంచెం వెచ్చగా ఉందంటాను. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నమ్మేది.

ఇప్పుడు చెప్పబోయే పడిశం నాటికి నేను యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయి రెండేళ్లు. మా ఆవిడ యానాంలో బడిపంతులమ్మ. ఒకటో తరగతి చదివే మా అమ్మాయితో అక్కడే ఉండిపోయింది. నేను కోసపాళయంలో ఒక పాత పెంకుటింట్లో ముందు గది అద్దెకి తీసుకున్నాను. పుదుచ్చేరి అనగానే మా ఊళ్లో అందరికీ పసుపు గోడలూ, కాగితం పూల తీగలూ, సముద్రం ఒడ్డూ గుర్తొస్తాయి. మా వీధిలో మాత్రం ఎవరూ ఫోటోలు తీసుకోరు. అక్కడ ఒక స్కూటర్ మెకానిక్కు, ఒక ఇస్త్రీ బండి, నలుగురు టైలర్లు, ఆ నలుగురి గురించీ మిగతా వీధి అభిప్రాయాలు ఉంటాయి.

ఇల్లుగలాయన మిల్లులో మగ్గాల మీద ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. నేను ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యని పిన్నిగారనీ పిలిచేవాణ్ని. ఆ "గారు" వాళ్లకి మహా వింత. మొదటి నెలంతా పిన్నిగారు నేను పిలిచినప్పుడల్లా వెనక ఇంకెవరన్నా వచ్చారేమోనని చూసేవారు.

మగ్గాల మోత బాబాయిగారి రెండు చెవుల్నీ తినేసింది. అయినా ఆయనతో మాట్లాడటానికి ఇబ్బంది ఉండేది కాదు. ఆ మోతలో అరిచినా పక్కవాడికి వినపడదు కనక, మిల్లులో అందరూ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నారట. ఆయనకి తెలుగు అక్షరాలు రావు. తెలుగు చదవడం మాత్రం వచ్చు, కాగితం మీద కాదు, మూతి మీద.

నా మూతి ఆయనకి మొదట్లో పెద్ద పరీక్ష.

"ఏంది నైనా, నువ్వు మాట్లాడితే పెదిమలే కదల్వు. మీ ఊరోళ్లంతా ఇట్లనే గొణుగుతారా?" అనేవారు. "ఆ 'అండీ' ఒకటి మాత్రం బాగా తెలుస్తాది. అది వచ్చిందంటే నీ మాట అయిపొయిందని లెక్క."

రోజూ ఆఫీసు నుంచి రాగానే వీధి అరుగు మీద ఆయన పక్కన కూర్చోవడం నాకు అలవాటైంది. స్తంభానికి ఆనుకుని ఆయన, ఆయనకి కుడి పక్కన నేను. ఆయనకి ఎడమ పక్కన పిన్నిగారి వామాకు కుండీ. ఈ అమరికలో రెండేళ్లపాటు మార్పు లేదు. మా ఆఫీసులో కుర్చీలు కూడా అంత స్థిరంగా ఉండవు.

ఏడు గంటలకి మా అమ్మాయి ఫోను. రోజుకొక రహస్యం చెప్పేది. మొదటి వాక్యం ఎప్పుడూ "అమ్మకి చెప్పకు". తరవాతంతా గుసగుస. సగం ఇడ్లీ కుక్కకి పెట్టడం, పక్కపిల్ల రబ్బరు తన పెట్టెలోకి ఎలా వచ్చిందో తనకే తెలియకపోవడం, ఊడిన పన్ను ఫలానా చోట దాచడం. ఫోను ఎడమ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటే, ముందు పళ్లు రెండూ లేని ఆ నోటి గాలి చెవికి తగిలినట్టే ఉండేది. ఎనిమిది వందల కిలోమీటర్లు ఆ పది నిమిషాలూ ఎక్కడికో పోయేవి.

ఇక పడిశం. మొదటి మూడు రోజులు ముక్కు, తరవాత గొంతు, ఆ తరవాత దగ్గు, పద్ధతి ప్రకారమే నడిచింది. ఆఫీసులో వాళ్లకి అంటకూడదని మాస్కు పెట్టుకున్నాను. అరుగు మీదా పెట్టుకుంటే బాబాయిగారు ఒప్పుకోలేదు.

"మూతికి గుడ్డ కట్టుకుంటే నేను యాడ చూసేది? తియ్ తియ్. నీ జలదోషం నాకొస్తే రానీ, ఊరక కూర్చోలేను."

కాస్త ఎడంగా జరిగి కూర్చుని, మాస్కు తీసి మాట్లాడేవాణ్ని. వైద్యం పిన్నిగారి చేతిలో ఉండేది. పొద్దున వామాకు కషాయం, సాయంత్రం వావిలాకు ఆవిరి, రాత్రి మిరియాల చారు. గ్లాసు ఇచ్చి ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేవారు. ఆ చారు తాగితే పడిశం పోతుందని నేను హామీ ఇవ్వలేను గానీ, ఆ ఇంట్లో ఉండటం దానికి అంత సుఖంగా ఉండదని చెప్పగలను.

తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి ముక్కు తెరుచుకుంది. కాఫీ వాసన తెలిసింది. ఎడమ చెవిలో మాత్రం ఎవరో దూది కుక్కినట్టుంది. దూరంగా ఎక్కడో కుక్కరు విజిలు వేసి, ఆపడం మర్చిపోయినట్టు ఒక కూత.

"పిన్నిగారూ, ఆ కుక్కరు ఎవరిదండీ?" అని అడిగాను.

"యాడ నైనా కుక్కరు? వీధిలో అందురూ ఈరోజు ఇడ్లీ," అన్నారావిడ.

నేను పెద్దగా పట్టించుకోలేదు. పడిశం వెళ్తూ వెళ్తూ చెవిలో ఏదో మర్చిపోయి ఉంటుంది, రెండ్రోజుల్లో వచ్చి తీసుకుపోతుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం ఫోను మోగింది. ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. హలో అన్నాను. ఏమీ లేదు. అంతకుముందు నెల ఫోను ఒకసారి కింద పడింది. ఆ పాపం ఇప్పుడు పండిందనుకుని మర్నాడు రిపేరు షాపుకి తీసుకెళ్లాను. అతను తన చెవికి పెట్టుకుని చూసి, ఏ లోపమూ లేదన్నాడు. నా మొహం చూసి జాలిపడి, బ్రష్షుతో స్పీకరు జాలీ శుభ్రం చేసి పంపాడు. ఇంటికొచ్చాక మళ్లీ అదే మౌనం. లౌడ్ స్పీకరు నొక్కాను. మా అమ్మాయి గొంతు అరుగంతా పరుచుకుంది.

"నాన్నా, నువ్వు స్పీకర్ పెట్టావు కదూ? నాకు తెలుసు. అందరూ వింటారు. ఇంక నీకు చెప్పను, ఫో!"

పెట్టేసింది.

ఫోను ఒకసారి కుడి చెవికి, ఒకసారి ఎడమ చెవికి పెట్టుకుని కాసేపు పరిశోధన చేశాక, పాడైంది ఫోను కాదని తేలింది. కాలేజీ చదువు చదివిన మనిషిని కనక ఈ నిర్ణయానికి రావడానికి నాకు రెండు రోజులే పట్టింది.

మందుల షాపాయన వివరం అడగకుండానే గుబిలి అని తేల్చి చుక్కల సీసా ఇచ్చాడు. పిన్నిగారు ఇంకా సులువైన దారి చెప్పారు. "వెల్లుల్లిపాయ నూనెలో కాంచి పోస్తా, గబగబా వదిలిపోతాది." వంటింటి గుమ్మం దగ్గరున్న బాబాయిగారు ఆవిడ పెదాలు చూసి ఒక్కసారిగా చెయ్యెత్తారు. వద్దు అన్నట్టు. కోపంగానే. అంత మెత్తని మనిషికి నూనె మీద అంత కక్ష ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఆవిడకి ఫోనులో చెబితే, "చెవి డాక్టరుకి చూపించుకోకూడదూ?" అంది.

"పడిశానికి స్పెషలిస్టా? గొడుగు చిరిగిందని వాతావరణ శాఖకి అర్జీ పెట్టినట్టుంటుంది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. లేక నవ్విందేమో, నాకు వినపడలేదు.

నాలుగో రోజు శనివారం. అరుగు మీద కూర్చుని నేనేదో ఆఫీసు కబురు చెబుతున్నాను. బాబాయిగారు మధ్యలో ఆపారు.

"నైనా, ఆ కుండీ యాడుంది?"

చూశాను. వామాకు కుండీ కింద మెట్టు మీద ఉంది. దాని చోట్లో నేనున్నాను.

"నాలుగు దినాలుగా రోజూ దాన్ని కిందికి దించి ఈ పక్కన కూర్చుంటా ఉండావు. నీకు తెలుసునా?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. కుండీ ఎత్తి దించిన చేతులు నావే, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"ఇంగొకటి. నేను మాట్లాడతా ఉంటే నువ్వు నా కండ్లు చూడ్లే. నా మూతి చూస్తా ఉండావు. మా మిల్లులో కొత్తగా చెవులు పొయ్యేటోళ్లు ఇట్లనే చూసేటోళ్లు."

కొంచెం బరువుగా ఉందంతే అన్నాను. ఆ "కొంచెం" ఆయన బాగానే చదివారు, కానీ నమ్మలేదు. లోపలికి కేకేసి పిన్నిగారి చేత ఆవాల డబ్బా తెప్పించారు. నన్ను వీధివైపు తిరిగి కూర్చోమన్నారు. పిన్నిగారిని నా వెనక నిలబెట్టి, డబ్బా ఒకసారి ఆ చెవి దగ్గర, ఒకసారి ఈ చెవి దగ్గర, రెండో చెవిని అరచేత్తో మూసి మెల్లిగా ఆడించమన్నారు. ఏమీ వినపడని మనిషి నా వినికిడి పరీక్ష చేస్తున్నాడని నాకు నవ్వొచ్చింది. ఆయన డబ్బాని చూడటం లేదు, నా కళ్లని చూస్తున్నారు.

డబ్బా కుడి పక్కన కదిలిన ప్రతిసారీ నా కళ్లు అటు పోయాయట. ఎడమ పక్కన పిన్నిగారు చెయ్యి నొప్పెట్టేదాకా ఆడించినా నేను ఇస్త్రీ బండినే చూస్తూ కూర్చున్నానట.

"లెయ్యి. డాక్టరు దగ్గరికి పోదాం."

"సోమవారం వెళ్తానండీ, బాబాయిగారూ. రేపు ఆదివారం."

"సోమారమా?" ఆయన గొంతు ఎప్పుడూ కాస్త పెద్దదే, ఇప్పుడు వీధి చివరి టైలరు కూడా తలెత్తాడు. "నా చెవులు పొయ్యేదానికి ముప్ఫయ్యేండ్లు పట్టింది. ఇంట్లో బియ్యం దినానికి గుప్పెడు పోతే ఎవురికి తెలుస్తాది? నీది మూటకి మూట ఒక్క పొద్దున పోయిండాది. దానికి సోమారం దాకా అరవకుండా కూర్చుంటావా?"

నేనేదో అనబోయాను. ఆయన నా నోరు చూడటం మానేసి వీధివైపు చూస్తూ చెప్పారు.

"మా తమ్ముడు. నా పక్క మగ్గమే. ఇట్లనే, జలదోషం తగ్గిన మర్నాడు, ఒక పక్క చెవి. అప్పుటికి వాడు చేరి ఆరు నెల్లే, మోతతో పొయ్యేదానికి లేదు. గుబిలి అనుకున్న్యాము. నెల దినాలు వేడి నూనె పోసినాము. పోసింది నేనే. అప్పురం పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగినాడు, మొదటి వారం యాడికి పొయినారు అని."

పిన్నిగారు ఆవాల డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాకు వెల్లుల్లి నూనె సంగతి అర్థమైంది. చెప్పులు వేసుకున్నాను.

క్లినిక్కుకి ఆయన కూడా వచ్చారు. అక్కడ పేర్లు పిలిచే అమ్మాయి తలెత్తకుండా, గొంతు పెంచకుండా పిలుస్తోంది. నిండు జనం. నాకు సగం, ఆయనకి సున్నా. అయినా ఎవరి వంతూ మాకు తప్పిపోలేదు. ఆయన ఆ అమ్మాయి పెదాల మీదే చూపు నిలిపి, ప్రతి పేరూ నాకు చెబుతూ కూర్చున్నారు. పక్కనున్న ఒక పెద్దావిడ తన పేరు కూడా మమ్మల్నే చూడమంది.

డాక్టరమ్మది ఇంచుమించు నా వయసే. నేను తమిళంలో, కొంచెం పడిశం, కొంచెం చెవి అన్నాను. ఆవిడ కూడా నవ్వుతూనే చెవిలో లైటు వేసి చూసి, గుబిలి ఏమీ లేదన్నారు. ట్యూనింగ్ ఫోర్కు అనే రెండు కొమ్మల ఇనప కడ్డీని మోచేతికి తట్టి, మోగుతుండగా నా నుదుటి మధ్యన ఆనించారు.

"ఏ పక్క వినపడుతోంది?"

"కుడి."

ఆవిడ నవ్వడం మానేశారు. ఇంకోసారి పెట్టారు. మళ్లీ కుడే.

"పడిశంతో చెవి మూసుకుపోతే ఈ మోత ఆ మూసుకున్న చెవిలోనే గట్టిగా వినపడాలి. మీకు మంచి చెవిలోకి పోతోంది. అంటే దారి మూసుకోలేదు, లోపల నరం దెబ్బతిని ఉండొచ్చు. ఎన్ని రోజులైంది?"

"నాలుగు."

"పడిశంలో రెండు చెవులూ కాస్త బరువెక్కడం మామూలే, చాలామందికి అదే తగ్గిపోతుంది. కానీ ఒక చెవి ఇలా ఒక్కసారిగా పోతే ఆ రోజే రావాలి. సరే, ఇవాళైనా వచ్చారు. ఎవరు పంపారు?"

బయట బెంచీ మీదున్న ఆయన్ని చూపించాను. వినికిడి పరికరం కూడా పెట్టుకోని ఆ ముసలాయన్ని ఆవిడ కాసేపు చూశారు.

పరీక్ష గది ఒక గాజు కిటికీ ఉన్న పెట్టె. శబ్దం వినపడగానే బొత్తాం నొక్కాలి. కుడి చెవికి చకచకా నొక్కాను. ఎడమ చెవికి మార్చారు. నేను బొత్తాం మీద వేలు పెట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ రాలేదు. మొదలుపెట్టడం ఆలస్యమైందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే గాజు అవతల బాబాయిగారు నా వేలిని చూస్తున్నారు. నన్ను చూడగానే గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయారు. కాగితం మీద గీత రాకముందే ఫలితం నాకు తెలిసింది.

రెండు వారాల మాత్రలు రాశారు. వాటితో షుగరు పెరగొచ్చని దానికీ ఒక పరీక్ష. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత, కొందరికి రాదు, ముందుగా చెప్పలేను అన్నారు డాక్టరమ్మ. నాకు ఆ మాట నచ్చింది. అంటే, అస్సలు నచ్చలేదు, కానీ నిజం చెప్పే గొంతు నచ్చింది.

ఆ రాత్రి మా ఆవిడకి ఫోను చేసి, మొదటిసారి "కొంచెం" అనకుండా చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఇది చెవి వల్ల కాదని తెలుసు, కుడి పక్కే పెట్టుకున్నాను. "సెలవు పెట్టి వచ్చెయ్యనా?" అంది చివరికి. వద్దన్నాను. ఇక్కడ నన్ను చూసుకునే మెడికల్ బోర్డు మెంబర్లు ఇద్దరున్నారన్నాను. మాట నవ్వులాగానే వచ్చింది గానీ చివర్న ముక్కు ఎగపీల్చాల్సి వచ్చింది. పడిశమే అని చెప్పాను.

ఆ రెండు వారాలూ సాయంత్రాలు అరుగు మీద నాకు పాఠాలు. "రాకుంటే పనికొస్తాది, వస్తే మంచిదే," అన్నారు బాబాయిగారు. మూతి ఒక్కటే చూడకూడదట, మొహమంతా చూడాలి. ప అన్నా బ అన్నా మ అన్నా పెదాలు ఒకేలా మూసుకుంటాయి, మిగిలింది బుగ్గలూ కనుబొమ్మలూ చెబుతాయి. మిల్లులో సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉండగా నాలుగు మగ్గాల అవతలి మనిషితో ఆయన గురించే మాట్లాడుకునేవాళ్లట. ఆ సూపర్‌వైజరుకి మాత్రం ఏదీ అందేది కాదు.

"ఏమనుకునేవాళ్లు?"

"అది నీకు నేర్పను," అన్నారు, పిన్నిగారి వైపు ఒక చూపు చూసి.

పాఠం అయ్యాక ఆవాల డబ్బా. రోజూ పిన్నిగారు వెనక నిలబడి ఆడించేవారు. రోజూ నేను ఇస్త్రీ బండిని చూసేవాణ్ని. ఐదో రోజుకి ఆ ఇస్త్రీ ఆయన, నేనెందుకు తనని అంత దీక్షగా చూస్తున్నానో అడగడానికి వచ్చి, సంగతి విని, మర్నాటి నుంచి బండి కాస్త పక్కకి పెట్టుకున్నాడు. రాత్రులు పడుకునేటప్పుడు కుడి చెవి దిండుకి ఆనించి, మిగిలిన చెవితో ఊరిని వినడానికి ప్రయత్నించేవాణ్ని. ఊరు ఉండేది కాదు. ఆ కూత ఒక్కటే.

ఎనిమిదో రోజనుకుంటాను, డబ్బా ఆడుతోంది, నేను వీధి చూస్తున్నాను, బాబాయిగారు తొడ మీద చరిచారు.

"వచ్చింది!"

"ఏమీ రాలేదండీ. నాకేం వినపడలేదు."

"నీకు తెల్లే. నీ కండ్లు ఎడం పక్కకి పొయినాయి. ఇంగొకసారి ఆడించవే, సీక్రం!"

పిన్నిగారు మళ్లీ ఆడించారు. ఎక్కడో చాలా లోతున, పక్కింట్లో ఎవరో ఇసక చల్లినట్టు. మళ్లీ. మళ్లీ. పిన్నిగారు ఆపడం లేదు. ఆవిడ ఏడుస్తున్నారని నాకు తరవాత తెలిసింది. ఆ చప్పుడు ఇంకా నా ఎడమ చెవికి అందేంతటిది కాదు, కుడి చెవి మీద ఆవిడ అరచెయ్యి ఉంది.

మాత్రలు అయ్యాక మళ్లీ గాజు పెట్టెలో కూర్చున్నాను. చాలావరకు వచ్చిందన్నారు డాక్టరమ్మ. మాటలు వస్తున్నాయి, తలుపు చప్పుడు, కాకి, స్కూటర్లు వస్తున్నాయి. గీత చివర్న, పైస్థాయి శబ్దాల దగ్గర మాత్రం కిందికి పడిపోయి అలాగే ఉంది. అది రాకపోవచ్చన్నారు. అక్కడ ఏముంటాయని అడిగాను. కొన్ని పక్షుల కూతలు, స స్స అనే చప్పుళ్లు, గుసగుసలు అన్నారు.

గుసగుసలే ఎందుకు పోవాలని డాక్టరమ్మని అడగలేదు. ఆవిడ చెయ్యగలిగింది చేశారు.

ఆ సాయంత్రం మా ఆవిడతో వీడియోలో మాట్లాడుతూ సంగతంతా చెప్పాను. కుడి చెవి ఉంది కదా, దానికి చెబుతుందిలే అంది. తరవాత గొంతు తగ్గించి, "అయినా అది చెప్పే రహస్యాలన్నీ నేను వంటింట్లోంచి వింటూనే ఉంటానండీ. గుసగుసే గానీ వీధి చివరిదాకా వినపడుతుంది. మీతో అనలేదంతే," అంది.

రెండేళ్లుగా ఎంత భద్రంగా దాచుకున్నానో ఆ రహస్యాల్ని!

అమ్మాయి వచ్చింది. స్పీకరు సంగతి మీద ఇంకా కోపంగానే ఉంది. అప్పుడు దానికి మిల్లు కథ చెప్పాను. గొంతే లేకుండా, ఉత్త పెదాలతో చెప్పుకునే వాళ్లుంటారని, పక్కన నిలబడ్డ సూపర్‌వైజరుకి కూడా తెలియదని. అది తిరిగి వంటింటి వైపు, అంటే తన సూపర్‌వైజరు వైపు, ఒక చూపు చూసింది. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, బోసి చిగుళ్లు కనిపించేలా, చప్పుడు లేకుండా ఏదో చెప్పింది. చాలా పొడుగ్గా.

నాకొక్క ముక్క అందలేదు. మొదటి వాక్యం "అమ్మకి చెప్పకు" అని మాత్రం ఊహించాను. ఫోను బాబాయిగారి వైపు తిప్పి, మళ్లీ చెప్పమన్నాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని చూశారు. చూస్తూ చూస్తూ ఒక చోట నవ్వారు, ఒక చోట కనుబొమ్మలెత్తారు. అయిపోయాక ఫోను నా చేతికిచ్చేశారు.

"ఏమందండీ?"

"బిడ్డ చెప్పింది నీకు, నాకు కాదు. నువ్వే మళ్లీ అడుక్కో. పండ్లు లేవు, మెల్లిగా చెప్పమను."

అడిగాను. అది ఓపిగ్గా, బుర్ర తక్కువ వాళ్లకి చెప్పేటట్టు ఒక్కొక్క మాటే పెదాల మీద పరిచింది. మూడోసారికి అర్థమైంది. బాబాయిగారు అప్పటికే నన్ను తన కుడి పక్కన పాత చోటికి జరిపి, కింద మెట్టు మీది కుండీ ఎత్తి తన ఎడమ పక్కన దాని చోట్లో పెట్టుకుని, మమ్మల్ని చూడకుండా వీధివైపు తిరిగి కూర్చున్నారు.